బొంత కుడుతుంటే కింద దారం గూడు కడుతోంది, మూడు సూదులు విరిగాయి

దేవరకొండ దారం
అమ్మాయి హైదరాబాదులో హాస్టల్లో ఉంటోంది. కొని పంపిన దుప్పటి చలికి ఆగడం లేదట. ఇంట్లో మా అత్తగారి పాత నేత చీరలు పెట్టె నిండా ఉన్నాయి కదా అని అయిదు పొరలు పరిచి బొంత కుట్టడానికి కూర్చున్నాను. మిషను మా అమ్మ కాలం నాటిది, నల్లది, కాలితో తొక్కేది. జాకెట్లు, లంగాలు ఎన్ని కుట్టినా ఏనాడూ పేచీ పెట్టలేదు. ఈ బొంత పెట్టగానే మొండికేసింది.

పైనుంచి చూస్తే కుట్టు ముత్యాల్లా ఉంది. తిప్పి చూస్తే కింద దారం పిచ్చుక గూడు. అంచు దగ్గరికి వచ్చేసరికి నాలుగు కుట్లు పడి రెండు తప్పుతున్నాయి. నిన్నటి నుంచి మూడు సూదులు విరిగాయి, మూడోదాని మొన ఎటు ఎగిరిందో కూడా కనిపించలేదు. బాబిన్ కేసు (కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే డబ్బీ) మీది చిన్న మర బిగించాను, వదులు చేశాను, మళ్ళీ బిగించాను. అది మొదట ఎక్కడ ఉండేదో ఇప్పుడు దేవుడికే తెలియాలి.

రిపేరు చేసే అతను వచ్చి చూసి, షటిల్ (పై దారాన్ని లాక్కుని కింది దారంతో ముడివేసే భాగం) అరిగింది, మొత్తం మార్చాలి, పద్దెనిమిది వందలు అన్నాడు. ఇవ్వమంటారా?

పిల్లలమర్రి నీడ
షటిల్ అరిగితే జాకెట్టు కూడా కుట్టదు కదా. డబ్బు బయటికి తీయకండి.

గద్వాల అంచు
అంచు దగ్గరే కుట్టు తప్పుతోంది అన్నారు. ఏ చీరలు అవి? జరీ ఉందా?

కందిచేను
మిషనును చాపతో కప్పి పక్కన పెట్టి, చేతి సూది తీసుకోండి. బొంత అనేది మిషను మీద కుట్టేది కాదు.

పాత కత్తెర
జడ్చర్లలో ముప్పై ఏళ్ళకు పైగా దుకాణం నడిపాను, ఇప్పుడు కళ్ళు ఆనడం లేదని మానేశాను. అమ్మా, ఒక్క మాట గుర్తుంచుకో: గూడు కింద కడితే తప్పు పై దారానిది, గూడు పైన కడితే తప్పు కింది దారానిది. అందరూ దీనికి తలకిందులుగా ఆలోచిస్తారు. కింద చిక్కు కనిపించింది కాబట్టి కింద ఉన్న బాబిన్ మీద పడతారు. నువ్వూ అదే చేశావు.

ఎందుకంటే, రెండు దారాలూ బట్ట మధ్యలో ఒకదాన్నొకటి పట్టుకుని ముడిపడాలి. పై దారాన్ని టెన్షన్ బిళ్ళలు (దారాన్ని మధ్యలో నొక్కి పట్టే రెండు చిన్న బిళ్ళలు) పట్టి ఉంచకపోతే, షటిల్ లాక్కున్న దారమంతా తిరిగి పైకి వెళ్ళకుండా కిందే ఉండిపోతుంది. అదే నీ పిచ్చుక గూడు.

ఒక పరీక్ష చెబుతాను. సూదిలోంచి దారం తీసెయ్. బట్టను అదిమిపట్టే ఫుట్టు పైకి ఎత్తి దారం లాగు, సులువుగా రావాలి. ఫుట్టు దింపి మళ్ళీ లాగు, ఈసారి వేలికి బరువు తెలియాలి. తేడా ఉందో లేదో చూసి రాయి. అంతవరకు ఏ మరా ముట్టుకోకు.

మూసీ గట్టు
పాత కత్తెర గారు చెప్పిన పరీక్ష చేసే ముందు ఇంకొకటి చూడండి. బొంత మందంగా ఉంటుంది కాబట్టి ఫుట్టు ఎత్తి లోపలికి తోస్తాము. ఫుట్టును దించే లివరు దింపడం మరిచిపోయినా తెలియదు, మందానికి ఫుట్టు ఆనుకున్నట్టే కనిపిస్తుంది. లివరు పైన ఉంటే బిళ్ళలు విడిపోయి ఉంటాయి, దారాన్ని పట్టవు. నేను ఒక మధ్యాహ్నమంతా అలాగే దిండు గలీబులు కుట్టి, దారం కంపెనీని తిట్టి, కొత్త రీలు కొని, సాయంత్రం లివరు చూసుకున్నాను. ఆ దారం కంపెనీకి ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు.

దేవరకొండ దారం
కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను, లివరు దించే ఉంది. పరీక్ష కూడా చేశాను. ఎత్తినా దించినా ఒకటే, దారం వెన్నలోంచి వెంట్రుకలా వస్తోంది. ముందున్న టెన్షన్ మర చివరి వరకు తిప్పినా అంతే.

గద్వాల అంచు గారు, రెండు చీరలకు జరీ ఉంది. ఒకటి మీ ఊరిదే.

గద్వాల అంచు
గద్వాల చీరను బొంతలో వేశారా! నాలుగు రోజులు అన్నం సయించదు నాకు.

దేవరకొండ దారం
ఒడలు మొత్తం చిరిగిపోయిందండీ, కొంగు మాత్రమే మిగిలింది. మా అత్తగారే ఉంటే మీకంటే ముందు నన్ను కొట్టేవారు.

పాత కత్తెర
దొంగ దొరికాడు. మర బిగించినా బిళ్ళలు పట్టడం లేదంటే మధ్యలో ఏదో ఇరుక్కుంది, లేదా స్ప్రింగు చచ్చిపోయింది. ముందు మొదటిది చూడు. ఫుట్టు పైకి ఎత్తి ఉంచి, చిన్న నూలు గుడ్డ ముక్క మడత అంచును బిళ్ళల మధ్య దూర్చి అటూ ఇటూ లాగు. సూదితో గీకకు, బిళ్ళ మీద గీత పడితే ఆ గీతే తరవాత దారం తెంచుతుంది.

అచ్చంపేట చలి
ఇంత పని ఎందుకు? నాలుగు చుక్కలు కొబ్బరినూనె వేస్తే ఏ మిషనైనా దారికొస్తుంది. మా అమ్మ జీవితాంతం అదే వేసింది.

పాత కత్తెర
టెన్షన్ బిళ్ళల్లో నూనెనా? దారానికి అంటి బొంత నిండా మరకలు పడతాయి. ఇక కొబ్బరినూనె మాటకు వస్తే, చెప్పుతో కొట్టినట్టు చెబుతాను: వద్దు. మిషను నూనె నీళ్ళలా పలచగా ఉంటుంది, అలాగే ఉండిపోతుంది. కొబ్బరినూనె పాతబడి బంకవుతుంది. దుకాణానికి వచ్చిన బిగుసుకుపోయిన మిషన్లలో సగం కొబ్బరినూనె తాగినవే.

లతీఫ్ గుట్ట మెట్లు
అచ్చంపేట చలి గారూ, మీ పేరులోనే జవాబు ఉంది. కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల చుట్టుపక్కలే గడ్డకడుతుంది. నల్లమల అంచున డిసెంబరు తెల్లవారుజామున చలి ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా?

అచ్చంపేట చలి
ఆగండి. మా మిషను చలికాలం పొద్దున పూట తిరగదు. పదకొండు దాటాక, ఎండలోకి జరిపితే తిరుగుతుంది. ఇన్నేళ్ళూ అది ముసలిదై బద్ధకిస్తోంది అనుకున్నాము.

మూసీ గట్టు
బద్ధకం మిషనుకు కాదు 😀

పాత కత్తెర
నూనె వేసే ప్రతి రంధ్రంలో రెండు చుక్కలు కిరోసిన్ వేసి, దారం లేకుండా పది నిమిషాలు ఊరికే తొక్కండి. నల్లటి జిగురు కారుతుంది, తుడవండి. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్ళీ తొక్కి తుడిచి, అప్పుడు మిషను నూనె వేయండి. కిరోసిన్‌తోనే ఆపేస్తే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది, అది మరవకండి. దగ్గర్లో పొయ్యి ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు.

బొంత బామ్మ మనవరాలు
నాయనమ్మ చెబుతుంటే టైపు చేస్తున్నాను. ఆమె మాటల్లోనే: "ఈ మిషన్లూ బిళ్ళలూ ఏమిటి? మా కాలంలో పాలమూరు నుంచి పనులకు వలస పోయేవాళ్ళు నెత్తిన గిన్నెల మూట, చంకన బొంత పెట్టుకుని పోయేవాళ్ళు. ఆనకట్ట దగ్గర రాళ్ళ మీద పరిచినా, బొంబాయి రైలు స్టేషనులో పరిచినా ఆ బొంత చిరగలేదు. చేతి కుట్టు ఒక చోట తెగితే అక్కడే ఆగుతుంది. మిషను కుట్టు ఒక చోట తెగితే చాలు, వరసంతా ఊడుతుంది."

కందిచేను
పెద్దమ్మకు దండం. నేను మొదటే చెప్పాను.

పిల్లలమర్రి నీడ
గౌరవంతోనే ఒప్పుకోను. ముడి సరిగా బొంత మధ్యలో పడితే మిషను కుట్టు అంత తేలిగ్గా ఊడదు. పై దారం వదులుగా, కింది దారం తిన్నగా పరుచుకుని ఉంటే మాత్రం ఊడుతుంది, అంటే అది కుట్టు తప్పు, మిషను తప్పు కాదు. పైగా అయిదు పొరల బొంత చేత్తో కుట్టడానికి ఇరవై రోజులు. అమ్మాయికి చలి ఇప్పుడు వేస్తోంది.

బొంత బామ్మ మనవరాలు
ఇరవై కాదట, పక్కింటి వాళ్ళు ఇద్దరు వచ్చి నాలుగు మూలలా కూర్చుంటే నాలుగు రోజులట. "ఇప్పుడు ఎవరు వస్తారు, అందరూ ఫోనులో ఉన్నారు" అని నన్ను చూసి అంది. నేను ఇదంతా ఫోనులోనే టైపు చేస్తున్నాను.

దేవరకొండ దారం
దొరికింది! గుడ్డ ముక్క మూడోసారి లాగినప్పుడు బిళ్ళల మధ్య నుంచి ఎర్ర దారం ముక్క బయటికి వచ్చింది, గోరంత పొడవు, నొక్కుకుపోయి కాగితంలా ఉంది. బతుకమ్మకు అమ్మాయి ఎర్ర జాకెట్టు కుట్టినప్పటిది. దానితోపాటు బూడిద రంగు పీచు ఉండ ఒకటి. ఇప్పుడు ఫుట్టు దించి లాగితే దారం వేలిని కోస్తోంది. గుడ్డ ముక్క మీద కుట్టి చూశాను, కింద గూడు లేదు.

కానీ బాబిన్ కేసు మర నేను తిప్పేశాను కదా, ఇప్పుడు దాన్ని ఎక్కడ ఆపాలి?

పాత కత్తెర
బాబిన్ వేసి, దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయి. ఊరికే ఉంటే కదలకూడదు. చేతిని చిన్నగా ఎగరేస్తే రెండు మూడు వేళ్ళంత జారి ఆగాలి. జారకపోతే బిగుతు, నేల దాకా జారితే వదులు. మరను గడియారం ముల్లు అయిదు నిమిషాలు నడిచినంత తిప్పు, అంతకంటే ఎక్కువ తిప్పకు. పూర్తిగా ఊడదీశావో, ఆ మర నేల మీద ఎవరికీ దొరకదు. చాలామంది ఇళ్ళలో చీపురు పట్టుకుని ఏడ్చారు.

మూసీ గట్టు
అందుకే నేను తెల్ల పళ్ళెంలో పెట్టి తిప్పుతాను.

దేవరకొండ దారం
నాలుగుసార్లు తిప్పి సరిచేశాను. ఇప్పుడు సూదుల సంగతి చెప్పండి. మిగిలింది ఒక్కటే సూది.

గద్వాల అంచు
నా వంతు. మా చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు, పైన జరీ. బొంతలో ఆ పట్టు కొంగు నూలు పొర మీద నిలవదు, జారుతుంది. జరీ గట్టిది. సన్నని సూది దానికి తగిలి పక్కకు వంగుతుంది. వంగిన సూది దగ్గరికి షటిల్ మొన వచ్చేసరికి దారం అక్కడ ఉండదు, కుట్టు తప్పుతుంది. ఇంకొంచెం వంగితే సూది పలకకు తగిలి విరుగుతుంది. మీరు వాడేది ఎంత నంబరు?

దేవరకొండ దారం
పద్నాలుగు. జాకెట్లకు వాడేదే.

గద్వాల అంచు
అదే. పద్నాలుగు అంటే ముప్పావు మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, కచ్చితంగా 0.9. పదహారు అంటే 1 మిల్లీమీటరు. పద్దెనిమిది అంటే 1.1. అయిదు పొరలకు పదహారు, జరీ వచ్చిన చోట పద్దెనిమిది వేయండి. పాకెట్టు మీద 90, 100, 110 అని కూడా రాసి ఉంటుంది, అది ఇదే లెక్క.

లతీఫ్ గుట్ట మెట్లు
ఇరవై ఒకటి వేస్తే ఇంకా గట్టి కదా?

పాత కత్తెర
గోనె సంచులు కుట్టేటట్టయితే వేసుకో. పాత నూలు చీరలో అంత లావు సూది దిగితే ప్రతి కుట్టూ ఒక చిల్లు, రెండు ఉతుకులకు వరసంతా చిరుగుతుంది. పై దారం కూడా సూది లావుకు తగ్గట్టు ఉండాలి.

సూది కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇంటి మిషను సూది కాడకు ఒక వైపు చదునుగా ఉంటుంది. దుకాణాల్లో వాడే పెద్ద మిషన్ల సూది కాడ గుండ్రంగా ఉంటుంది. అడగకుండా తెస్తే రెండోది ఇచ్చి పంపుతారు. అది బిగుస్తుంది, తిరుగుతుంది కూడా, కుట్టు మాత్రం పడదు. ఇంటి సూదిని పెట్టేటప్పుడు పైదాకా తోసి బిగించు. పొడవాటి గాడి ఎటు ఉందో అటు నుంచి దారం ఎక్కించాలి, చదును దానికి ఎదురు వైపు ఉండాలి. వేలి గోరు గీస్తే గాడి తెలుస్తుంది, కంటి చూపు అక్కరలేదు. ఈ మాట నా కోసం చెబుతున్నాను.

పిల్లలమర్రి నీడ
సూదులు విరగడానికి జరీ ఒక్కటే కారణం కాదని నా అనుమానం. అక్కా, కుట్టేటప్పుడు బొంత మిగతా భాగం ఎక్కడ ఉంటోంది?

దేవరకొండ దారం
నేల మీదికి వేలాడుతోంది. బరువుకు కదలకపోతే వెనక నుంచి చేత్తో లాగుతున్నాను.

పిల్లలమర్రి నీడ
అదీ సంగతి! అయిదు చీరల బరువు కిందికి గుంజుతోంది, మీరు వెనక్కి లాగుతున్నారు. సూది లోపల ఉండగా బట్ట లాగితే సూది వంగక ఏం చేస్తుంది? బట్టను నడపడం కింద ఉన్న పళ్ళ పని, చేతుల పని దారి చూపించడం వరకే. మిషనుకు ఎడమ పక్కన, వెనక నవారు మంచం జరుపుకోండి, బొంత దాని మీద కూర్చోవాలి. కుడి వైపు మిషను చేయి కింద ఉండేదాన్ని చాపలా చుట్టి పెట్టండి. మందం ఎక్కువైన చోట కాలు ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ నాలుగు కుట్లు దాటించండి.

మూసీ గట్టు
అలాగే సూది పలక విప్పి పళ్ళ మధ్య చూడండి. పాత నూలు చీరలు పీచు రాలుస్తాయి. నేను విప్పినప్పుడు అక్కడ పీచు నొక్కుకుపోయి కంబళి ముక్కలా ఊడి వచ్చింది. పళ్ళు పైకి లేవకపోతే బట్ట ముందుకు ఎలా నడుస్తుంది? ఒక్కో బొంతకు రెండుసార్లయినా కుంచెతో దులపాలి. నోటితో ఊదకండి, తేమ తగిలి తుప్పు పడుతుంది.

మోటారు మోజు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది మోటారు పెట్టిన మిషను. బొంత దగ్గర మోటారు రొద పెడుతుంది, చక్రం తిరగదు. కాలిన వాసన కూడా వచ్చింది. సాయం చేయండి.

పాత కత్తెర
వాసన వచ్చాక కూడా తొక్కావా? ముందు ప్లగ్గు తీసెయ్. బెల్టు పక్కకు తీసి చక్రం చేత్తో తిప్పి చూడు. బిగుతుగా ఉంటే మిషనులో దారమో, బంకో. సులువుగా తిరిగితే బెల్టు వదులై జారుతోంది, లేదా ఆ చిన్న మోటారుకు ఈ బరువు ఎక్కువ. వాసన వచ్చిన మోటారును మాత్రం చూపించాకే మళ్ళీ ప్లగ్గు పెట్టు. తొక్కుడు మిషను వాళ్ళకు కూడా చెబుతున్నాను, తోలు బెల్టు సాగి జారుతుంటే చింతగింజంత కోసి కొక్కెం మళ్ళీ వేయండి. ఎక్కువ కోస్తే తొక్కే కాలికే నొప్పి.

దేవరకొండ దారం
మంచం జరిపాను, పదహారు నంబరు సూది వేశాను, గద్వాల కొంగు తీసి పక్కన పెట్టాను (గద్వాల అంచు గారు ఇక అన్నం తినవచ్చు). నిన్న ఆరు వరసలు కుట్టాను, ఒక్క సూదీ విరగలేదు. కొత్త గొడవ ఏమిటంటే, కింది చీర ముందుకు జరుగుతోంది, పై చీర వెనకబడుతోంది. వరస చివరికి వచ్చేసరికి పైన పిడికెడు బట్ట మిగిలి ముడత పడుతోంది.

బొంత బామ్మ మనవరాలు
నాయనమ్మ నవ్వుతోంది. "కచ్చా కుట్లు వేయలేదు, అంతేనా?" అని అడగమంటోంది.

దేవరకొండ దారం
గుండు సూదులు పెట్టాను పెద్దమ్మా.

బొంత బామ్మ మనవరాలు
"గుండు సూదులు కాళ్ళకు గుచ్చుకోవడానికి పనికొస్తాయి. చీరలను నీళ్ళలో ఉతికి ఆరేసి ముడత లేకుండా చేశావా? నేల మీద పరిచి, నలుగురి చేత మూలలు లాగించి, నడిమి నుంచి బయటికి చేత్తో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయి, జానెడుకు ఒక వరస. తరవాత నీ మిషను మీద ఎంతైనా ఆడుకో. కుట్టడం అయ్యాక కచ్చా దారం లాగెయ్."

పాత కత్తెర
పెద్దమ్మ చెప్పినదానికి తిరుగు లేదు. నేను ఒకటి కలుపుతాను. ఫుట్టు కడ్డీ పైన, మిషను తల మీద ఒక మర ఉంటుంది, ఫుట్టు ఎంత గట్టిగా నొక్కాలో అది చెబుతుంది. జాకెట్టుకు పెట్టిన నొక్కుడు బొంతకు ఎక్కువ, అందుకే పై పొర వెనకబడిపోతోంది. రెండు చుట్లు వదులు చెయ్. కుట్టు పొడవు కూడా పెంచు, అంగుళానికి ఏడెనిమిది కుట్లు చాలు. మిషను కుట్టు కూడా నడిమి నుంచే మొదలుపెట్టు, అన్ని వరసలూ ఒకే దిక్కుకు.

పిల్లలమర్రి నీడ
ఒకే దిక్కుకా? నేను ఒక వరస ఇటు, ఒక వరస అటు కుడతాను. ఒకే వైపు కుడితే బొంత మొత్తం ఏటవాలుగా సాగదా?

పాత కత్తెర
అటూ ఇటూ కుడితే రెండు వరసల మధ్య బట్ట మెలిపడుతుంది. చిన్న ముక్క మీద రెండు రకాలుగా కుట్టి చూసుకో.

పిల్లలమర్రి నీడ
చూశాను. మీ ముక్క మీది మాటే నెగ్గింది, కానీ తేడా వెంట్రుకంతే. పూర్తిగా ఒప్పుకోను.

దేవరకొండ దారం
అయిపోయింది! ఇరవై ఎనిమిది వరసలు. కుడి మూల ఒక ముడత ఉంది, అది కచ్చా కుట్లు వేయకముందుదే, విప్పే ఓపిక లేక వదిలేశాను. గద్వాల కొంగును చుట్టూ పట్టీగా వేశాను, దానికి మాత్రం పద్దెనిమిది నంబరు సూది. పద్దెనిమిది వందలు మిగిలాయి. పాత కత్తెర అన్నా, నల్గొండ బత్తాయిలు ఒక బుట్ట పంపుతాను, చిరునామా విడిగా చెప్పండి.

పాత కత్తెర
బత్తాయిలు తరవాత. మొదటి రోజు విరిగిన మూడో సూది మొన కనిపించలేదన్నావు. దొరికిందా?

దేవరకొండ దారం
లేదు. ఊడ్చేటప్పుడు పోయి ఉంటుంది అనుకున్నాను.

పాత కత్తెర
అనుకోకు. బొంత పంపకు. విరిగిన ముక్కలు అతికించి చూసి, సూది మొత్తం లెక్క తేలాకే నేను బట్ట చేతికి ఇచ్చేవాడిని. పాత రేడియో స్పీకరు అయస్కాంతం ఉంటే బొంత మీద వరస వెంట వరస నెమ్మదిగా తిప్పు.

మూసీ గట్టు
పళ్ళ కింద కూడా చూడండి, షటిల్ గూటిలో పడి ఉండవచ్చు.

దేవరకొండ దారం
పళ్ళ కింద లేదు. షటిల్ దగ్గరా లేదు. మా ఆయన పాత రేడియో విప్పి అయస్కాంతం ఇచ్చారు. మూడో వరసకు పక్కన, పై చీరకూ రెండో చీరకూ మధ్య, అయస్కాంతం దగ్గరికి రాగానే బట్ట కొంచెం పైకి లేచింది. నాలుగు కుట్లు విప్పి తీశాను. అర అంగుళం ముక్క, మొన చెక్కు చెదరలేదు.

బొంత బామ్మ మనవరాలు
నాయనమ్మ ఈసారి ఏమీ అనలేదు. లేచి తన బొంతను తడుముకుంటోంది.